మంద్రధ్వనికి లెక్క: కారులోని సబ్‌వూఫరును ఆంప్లిఫయరుతో పొందించుట



గడచిన వేసవిలో ఒకనాటి ఉదయమున నా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చి, వీథియరుగుమీద నల్లని లోహపు పెట్టె నొకదానిని దించెను. దగ్గరకు వంగి చూడగానే మాడిన లక్కవంటి వాసన గుప్పుమని కొట్టెను. అది అతని కారులోని ఆంప్లిఫయరు. అతడు అద్దెకారు నడుపుకొని జీవించు యువకుడు. ఎనిమిది నెలలు కూడబెట్టిన సొమ్ముతో ఆ యంత్రమును, రెండు సబ్‌వూఫరులను కొని డిక్కీలో అమర్పించుకొనెను. చెల్లెలి పెండ్లి ఊరేగింపులో మూడవ పాట ముగియకముందే ధ్వని ఆగిపోయినది. కొంతసేపటికి డిక్కీనుండి పొగ వచ్చినది. పెండ్లివారు కారును త్రోసికొని పోయి దూరముగా నిలిపిరట.

“మాస్టారూ! స్పీకర్లమీద నాలుగు ఓములని వ్రాసి ఉన్నదండీ. ఆంప్లిఫయరు పుస్తకములో రెండు ఓములవరకు భయములేదని ఉన్నది. నాలుగు రెండుకంటె ఎక్కువే గదండీ! మరి ఎందుకు కాలిపోయినట్లు?” అని అతడు నన్ను అడిగెను.

అమర్చిన అంగడివాడు “ఓములు ఎంత తగ్గితే మోత అంత పెరుగుతుంది” అని చెప్పి, తీగల నన్నిటిని ఒక్కచోట కలిపి బిగించి యిచ్చెనట. నేను తెలుగు పండితుడనేకాని విద్యుచ్ఛాస్త్రము తెలిసినవాడను కాను. ఐనను మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడు లేని రెండేండ్లు ఆ పాఠములును నా నెత్తిన పడినవి. అప్పుడు నేర్చిన దానితోను, తరువాత చదివిన దానితోను పిల్లవాని ప్రశ్నకు సమాధానము చెప్పగలిగితిని. ఇందులో ఉన్నది అయిదవ తరగతి భిన్నముల లెక్క. ఆ లెక్క సొమ్ము చెల్లించుటకు ముందు వేయవలసినది, చెల్లించిన పిదప వేసిన ఫలము స్వల్పము. ఈ సాయంకాలము మీకు మనవి చేయదలచినది అదియే.

మొదట సబ్‌వూఫరనగా నేమో చూతము. మన చెవి సెకనుకు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనముల వఱకు గల ధ్వనులను గ్రహించునని చెప్పుదురు. వీనిలో 100కు దిగువనున్న మంద్రధ్వనులను మాత్రము పలికించుటకై ఏర్పడిన పెద్ద స్పీకరే సబ్‌వూఫరు. సెకనుకు 40 కంపనములు గల ధ్వని యొక్క తరంగము ఎనిమిదిన్నర మీటరుల పొడవుండును, అనగా కారుకంటె రెండింతలు. అంతటి తరంగమును లేపుటకు గాలిని చాల త్రోయవలెను. దానికి వెడల్పైన శంఖువు కావలెను, దానిని ఆడించుటకు శక్తి కావలెను.

ఆ శక్తి కారులోని రేడియోపెట్టెనుండియే రాదా యని అడుగవచ్చును. రాదు. ఇంజను తిరుగుచున్నప్పుడు కారు బ్యాటరీ వద్ద సుమారు 14.4 వోల్టులు మాత్రమే ఉండును. ఆ వోల్టులతో 4 ఓముల స్పీకరులోనికి వికారము లేకుండ పంపగలిగిన శక్తి 26 వాట్లు, అదియు నష్టమేమియు లేదనుకొన్నచో. రేడియోపెట్టెమీద “50 వాట్లు, నాలుగు చోట్ల” అని అచ్చువేసి యుండును. మన ఆలంకారికులు దీనిని అతిశయోక్తి అందురు. కావుననే వేఱుగా ఆంప్లిఫయరు కావలసివచ్చినది. దాని కడుపులో బ్యాటరీ వోల్టేజిని పలురెట్లు హెచ్చించు ఏర్పాటొకటి ఉండును. తక్కిన పని దాని వలన జరుగును.

ఇక ఓములు. ఈ కొలత ఒక బడిపంతులు పేరు మోయుచున్నది. గేయార్గ్ సైమన్ ఓమ్ అను జర్మనుదేశీయుడు కొలోను నగరపు పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించినవాడు. 1827లో ఆయన తన నియమమును గ్రంథరూపమున ప్రకటించెను. స్వదేశమున మొదట దానికి ఆదరణ కలుగలేదు. 1841లో లండనులోని రాయల్ సొసైటీవారు కాప్లీ పతకము నొసగి గౌరవించిరి. 1881లో పారిసు నగరమున కూడిన విద్యుచ్ఛాస్త్రజ్ఞుల సభ ఆ పేరును అంతర్జాతీయ ప్రమాణముగా స్థిరపఱచెను. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇట్టి కథలు కొంత ఊరట నిచ్చును గనుక చెప్పితిని.

తీగచుట్ట విద్యుత్ప్రవాహమునకు కలిగించు అడ్డును నిరోధమందురు. కాని స్పీకరులో పారునది ఒకే దిక్కున పారు విద్యుత్తు కాదు, పాటననుసరించి ముందు వెనుకలకు ఊగులాడునట్టిది. అట్టి విద్యుత్తునకు చుట్ట కలిగించు మొత్తము అడ్డునకు 1886లో ఆలివర్ హెవిసైడు అను ఆంగ్లేయుడు ఇంపీడెన్సు అని పేరు పెట్టెను. మన పాఠ్యపుస్తకములలో దానిని అవరోధమనుచున్నారు. అమరకోశమునందు ఈ మాటకు అంతఃపురమను అర్థము కలదు, అక్కడను అడ్డు తప్పదు గావున పదము పొసగినదే. రెండింటి కొలతయు ఓములే. ఐనను భేదము తెలియవలెను. స్పీకరుమీద అచ్చువేసిన 4 అను అంకె నామమాత్రపుది. పాటలోని కంపనములు మారినకొలది అవరోధము మారుచుండును. స్పీకరు సహజముగా ఊగు కంపనసంఖ్య వద్ద అది నాలుగైదింతలకు పెరుగుటయు కలదు. మల్టీమీటరుతో చూచినచో 4 ఓముల చుట్ట 3.2 మొదలు 3.7 వఱకు చూపును. అది నిరోధము మాత్రమే. అంకె తగ్గినదని స్పీకరును తిరిగి యిచ్చివేయ నక్కఱలేదు.

ఓములు తగ్గిన ఆంప్లిఫయరునకు నష్టమేమి? చెఱువునకు తూము ఉన్నది. నీటిమట్టము ఎంతయున్నదో అంతయే యున్నది. తూము వెడల్పు చేసినచో నీరు ఎక్కువగా పోవును. వోల్టేజి నీటిమట్టము వంటిది, ప్రవాహము పాఱు నీటివంటిది, ఓములు తూము ఇఱుకుదనము వంటివి. అంకెలతో చూతము. ఆంప్లిఫయరు 20 వోల్టులు ఇచ్చుచున్నదనుకొనుడు. 4 ఓముల స్పీకరు ఉన్నచో 5 ఆంపియర్ల ప్రవాహము, 100 వాట్ల శక్తి. 2 ఓములైనచో 10 ఆంపియర్లు, 200 వాట్లు. 1 ఓము ఐనచో 20 ఆంపియర్లు, 400 వాట్లు. ఇంతవఱకు అంగడివాని మాట నిజమే. ఆతడు చెప్పని సగము ఇది: ఆ 20 ఆంపియర్లును ఆంప్లిఫయరులోని ట్రాన్సిస్టరుల గుండ పోవలెను. ప్రవాహము రెండింతలైనచో వాని నిరోధమందు పుట్టు వేడి నాలుగింతలగును. నాలుగింతలైనచో పదునాఱింతలగును. అందుచేత చేసినవారు ఒక హద్దు పెట్టి, “రెండు ఓములకు తగ్గరాదు” అని పుస్తకములో వ్రాయుదురు. తూము ఎంత వెడల్పు చేసినను నీరు వచ్చునుగాని, కట్ట తాళవలెను గదా. మంచి యంత్రములలో వేడి మితిమీఱినప్పుడు తానే ఆగిపోవు రక్షణ యుండును. అది ప్రమాదమును తప్పించుటకు పెట్టినదేకాని, ప్రతిదినము దానిమీద భారము వేయుటకు కాదు.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు వత్తము. స్పీకరు 4 ఓములది, హద్దు 2 ఓములు. చిక్కు ఎక్కడ వచ్చినది? అతని స్పీకరులను త్రిప్పి చూచితిని. ఒక్కొక్క దానికి రెండు ప్లస్సులు, రెండు మైనస్సులు, వెరసి నాలుగు మొనలు ఉన్నవి. అనగా ఒక్కొక్క స్పీకరులో ఒకే గొట్టముపై రెండు తీగచుట్టలు, ఒక్కొక్క చుట్ట 4 ఓములు. పెట్టెమీద “4+4” అనియో, “డ్యుయల్ 4” అనియో ఉండును. రెండు స్పీకరులకు నాలుగు చుట్టలు. ఈ నాలిగింటిని అంగడివాడు ఎట్లు కలిపెనో ఆ కలయికయే భారమును నిర్ణయించినది. వ్యాకరణములో పదములు కలిసినప్పుడు రూపము మాఱును. ఇక్కడ తీగలు కలిసినప్పుడు సంఖ్య మాఱును.

కలిపెడి పద్ధతులు రెండు. ఒక చుట్ట మైనస్సును రెండవ చుట్ట ప్లస్సునకు కలిపి, ప్రవాహము ఒకదాని తరువాత ఒకదానిలో పోవునట్లు చేయుట శ్రేణి సంధానము. ఇక్కడ ఓములు కూడుకొనవలెను: 4, 4 కలిసి 8. ప్లస్సులన్నియు ఒకచోట, మైనస్సులన్నియు ఒకచోట కలుపుట సమాంతర సంధానము. ఇక్కడ ప్రవాహమునకు త్రోవలు పెరుగును గావున అడ్డు తగ్గును. ఒకే విలువగల చుట్టలైనచో ఆ విలువను చుట్టల సంఖ్యచే భాగింపవలెను: 4 ఓములవి రెండైనచో 2, నాలుగైనచో 1. వేఱువేఱు విలువలైనచో రెండింటి లబ్ధమును వాని మొత్తముచే భాగింపవలెను: 4కు 2కు లబ్ధము 8, మొత్తము 6, ఫలము ఒకటియు మూడవవంతును. కాని భిన్నమైన చుట్టలు గల స్పీకరులను ఒకే ఆంప్లిఫయరుమీద సమాంతరముగా కలుపుట నాకు సమ్మతము కాదు. 2 ఓములది 4 ఓములదానికంటె రెండింతల శక్తిని లాగికొనును. ఒకటి తిని లావెక్కుచుండగా రెండవది పస్తుండును.

నేను సుద్దముక్క పిల్లవాని చేతికిచ్చి, అరుగుమీదనే నాలుగు చుట్టలను గీయుమంటిని. నాలుగు ప్లస్సులు ఒకచోట, నాలుగు మైనస్సులు ఒకచోట. “ఎంత?” అంటిని. కొంతసేపు వ్రేళ్లు లెక్కించి, “ఒకటండీ” అనెను. అప్పుడు అతని ముఖము చూడవలసినదే. రెండు ఓముల హద్దు గల యంత్రముమీద ఒక్క ఓము భారము మోపబడినది. యంత్రము చేయగలిగినంత చేసినది.

“మఱి ఎట్లు కలుపవలసినది మాస్టారూ?” అనెను. అరుగుమీదనే మఱి రెండు పటములు గీసితిమి. నాలుగు చుట్టలును వరుసగా శ్రేణిలో కలిపినచో 16 ఓములు. యంత్రమునకు భయము లేదుగాని, 4 ఓముల వద్ద వచ్చు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే వచ్చును. ఒక్కొక్క స్పీకరులోని రెండు చుట్టలను శ్రేణిలో కలిపి 8 చేసి, ఆ రెండు స్పీకరులను సమాంతరముగా కలిపినచో 4 ఓములు. దీనినే తిరుగవేసి, స్పీకరులోని చుట్టలను సమాంతరముగా కలిపి 2 చేసి, స్పీకరులను శ్రేణిలో కలిపినను 4 ఓములే. కావున ఈ రెండు స్పీకరులనుండి లభించునవి మూడే సంఖ్యలు: 1, 4, 16. అతని యంత్రము కోరు 2 అను సంఖ్య ఇందులో లేదు! తీగలను ఎన్ని విధముల త్రిప్పినను రాదు.

ఇదే అసలు మాట. అదే కంపెనీవారి అదే స్పీకరు 2 ఓముల జంటచుట్టలతోను దొరకును. అట్టివి రెండు కొన్నచో వచ్చు సంఖ్యలు అర, 2, 8. స్పీకరులోని చుట్టలను శ్రేణిలో కలిపి 4 చేసి, రెండు స్పీకరులను సమాంతరముగా కలిపిన 2 ఓములగును. అతని యంత్రమునకు అది సరిగా సరిపోయెడిది. ఎదుట రెండు అట్టపెట్టెలు, వెల ఒకటే, రూపమొకటే, భేదమంతయు ఒక అంకెలో ఉన్నది. ఆ అంకె ఎంచుకొనవలసినది అంగడిలో. ఒకే స్పీకరు కొనువారికిని ఇదే లెక్క: 4+4 అయినచో 8గాని 2గాని చేసికొనవచ్చును, 2+2 అయినచో 4గాని 1గాని. కొందఱు జంటచుట్టలలో ఒకదానినే కలిపి రెండవదానిని వదలివేయుదురు. అట్లు చేసినచో స్పీకరు తాళగల శక్తి సగమగును, దాని నడవడియు మాఱును. అది పద్ధతి కాదు.

రెండు చానెళ్ళ ఆంప్లిఫయరును కొందఱు “బ్రిడ్జి” చేసి ఒకే సబ్‌వూఫరునకు వాడుదురు. ఒక చానెలు ముందునకు త్రోయుచుండగా రెండవది వెనుకకు లాగును. అప్పుడు ఒక్కొక్క చానెలునకు స్పీకరు ఓములలో సగమే కనబడును. 4 ఓముల స్పీకరు ప్రతి చానెలునకు 2 ఓములవలె తోచును. కావున చానెలునకు 2 ఓముల హద్దుగల యంత్రమునకు బ్రిడ్జిలో హద్దు 4. పుస్తకములో ఈ రెండు హద్దులును వేఱువేఱుగా వ్రాసియుండును. ఒకటి చదివి రెండవది విడిచినవారి సొమ్ము మరమ్మతు అంగడికి చేరును.

ఓములు తగ్గించిన మోత పెరుగునను మాటను ఇంకొంచెము తఱచి చూడవలెను. చెవికి తెలియునది వాట్లు కాదు. వాట్లు రెండింతలైనచో ధ్వని 3 డెసిబెళ్ళు పెరుగును, అది “కొంచెము హెచ్చినది” అని తోచునంత. మోత రెండింతలైనదని తోచుటకు 10 డెసిబెళ్ళు, అనగా పదింతల శక్తి, కావలెను. మన పిల్లవాని యంత్రము 4 ఓముల వద్ద 300 వాట్లు, 2 ఓముల వద్ద 500 వాట్లు ఇచ్చునని పుస్తకములో నున్నది. ఈ రెండింటికి భేదము రెండు డెసిబెళ్ళకు కొంచెము పైన. దీనికొఱకు ప్రాణము మీదికి తెచ్చుకొనవలెనా? మఱియు, 4 ఓముల స్పీకరులోనికి పోవు 300 వాట్లకును, 1 ఓము స్పీకరులోనికి పోవు 300 వాట్లకును, తక్కినవన్నియు సమానమైనచో, ధ్వనిలో భేదమే లేదు. ఓము మోతకు కొలత కాదు. రెండవ స్పీకరు నొకదానిని చేర్చుటవలన శంఖువు విస్తీర్ణము పెరిగి కలుగు లాభము నిజమైనది. ఇంకను అనువైన పెట్టెను చక్కగా చేయించుటవలన కలుగు లాభము దానికిని మించినది. కాని పెట్టె సంగతి వేఱొక ప్రసంగమునకు చాలినంత ఉన్నది.

తక్కువ ఓములవలన తీగలలోను నష్టమున్నది. ఆంప్లిఫయరునుండి స్పీకరువఱకు పోయి వచ్చు తీగ నిరోధము ఒక ఓములో పదవ వంతనుకొందము. 4 ఓముల భారముతో శక్తిలో నూటికి రెండున్నర పాళ్లు తీగలో వేడియై పోవును. 1 ఓము భారముతో నూటికి తొమ్మిది పాళ్లు పోవును. తీగ అదియే, నష్టము ఇంచుమించు నాలుగింతలు. సన్నని తీగతో ఒక్క ఓము కలిపినవాడు బంగారు కంచములో చిల్లు పెట్టుకొన్నట్లే.

ఇక బ్యాటరీవైపు చూతము, నాకు ఎక్కువ భయము కలిగించునది ఈ వైపే. డి తరగతి ఆంప్లిఫయరులు పుచ్చుకొన్న శక్తిలో నూటికి 80 పాళ్ల వఱకు స్పీకరునకు అందించును. పాతతరహా ఏబీ తరగతివి 50, 60 పాళ్లు మాత్రమే. 1000 వాట్లు నిజముగా ఇచ్చు డి తరగతి యంత్రము నిండుగా పాడుచున్నప్పుడు బ్యాటరీనుండి 1250 వాట్లు, అనగా 14 వోల్టుల వద్ద సుమారు 90 ఆంపియర్లు లాగును. మన చిన్న కారులలో, మెకానికులు ఇప్పటికిని డైనమో యని పిలుచు ఆల్టర్నేటరు ఇచ్చునది తఱచుగా 100 ఆంపియర్లకు లోపలనే. అందులోనే దీపములు, చల్లగాలియంత్రము, ఇంజను నడచుటకు కావలసినది. సంగీతము ఎడతెగక నిండుగా మ్రోగదు గనుక సగటు తక్కువగానే యుండును. ఐనను సబ్‌వూఫరు దెబ్బ పడినప్పుడెల్ల ముందుదీపములు మినుకుమినుకు మనుచున్నచో, ఆదాయమునకు మించి వ్యయము జరుగుచున్నదని గ్రహింపవలెను.

బ్యాటరీనుండి వచ్చు లావుతీగకు ఫ్యూజు తప్పక ఉండవలెను. అది ఆంప్లిఫయరు దగ్గర కాదు, బ్యాటరీకి 45 సెంటీమీటరులలోపల ఉండవలెను. ఎందుకనగా, ఆ ఫ్యూజు కాపాడునది ఆంప్లిఫయరును కాదు, తీగను. తీగ కారు కఱ్ఱచట్రములోనుండి పోవుట లేదు గదా, ఇనుపచట్రములో పోవుచున్నది. ఎక్కడనైన ఒఱసికొని పైపూత చిరిగి ఇనుమును తాకినచో బ్యాటరీ తన బలమంతయు ఒక్కసారి విడుచును. మధ్య ఫ్యూజు లేనిచో తీగ ఎఱ్ఱగా కాలి నిప్పు పుట్టును. మా పిల్లవాని కారులో ఫ్యూజు డిక్కీలో ఉన్నది! ఆ సంగతి తెలిసిన తరువాత ఆంప్లిఫయరు కాలిపోవుట నాకు చిన్న విషయముగ తోచినది. ఆ కారులో ప్రతిదినము ఇతరుల బిడ్డలు ఎక్కుచున్నారు.

ప్లస్సు మైనస్సుల మాట కూడ చెప్పవలెను. రెండు స్పీకరులలో ఒకదానికి తీగలు తారుమాఱైనచో, ఒకటి గాలిని త్రోయుచుండగా రెండవది లాగికొనును. మంద్రధ్వని మాయమగును. ఒకే స్పీకరులోని రెండు చుట్టలలో ఒకటి తారుమాఱైనచో మఱియు ప్రమాదము: రెండు చుట్టలును ఒకదాని నొకటి పట్టియుంచును, శంఖువు కదలదు, శంఖువు ఆడుటవలన చుట్టకు తగులు గాలియు తగులదు, లోనికి వచ్చిన శక్తియంతయు వేడియై చుట్ట మాడిపోవును. దీనిని పరీక్షించుటకు గడియారపు సెల్లు, ఒకటిన్నర వోల్టుది, చాలును. ఆంప్లిఫయరు తీగలు విప్పి, సెల్లు ప్లస్సును ఒక చుట్ట ప్లస్సునకు, మైనస్సును మైనస్సునకు క్షణకాలము తాకించిన శంఖువు వెలుపలికి కదలవలెను. ప్రతి చుట్టకును ఇట్లే చూడవలెను. ఏదైన లోపలికి పోయినచో దాని తీగలు మార్చవలెను.

తీగలన్నియు కలిపిన పిదప, ఆంప్లిఫయరునకు తగిలించుటకు ముందు, చివరి రెండు కొనలమధ్య మల్టీమీటరు పెట్టి చూచుట మఱవరాదు. 4 ఓములకు కలిపితినని మీరు తలచినచో 3.2కును 3.7కును నడుమ సంఖ్య రావలెను. ఒకటికి దగ్గరగా వచ్చినచో ఎక్కడనో పొరపాటు జరిగినది. మల్టీమీటరు వెల ఆంప్లిఫయరు మరమ్మతు కూలికంటె తక్కువ.

వాట్ల విషయమున పెట్టెమీది పెద్ద అంకెను నమ్మరాదు. “ఆర్.ఎం.ఎస్.” అని వ్రాసిన చిన్న అంకెనే చూడవలెను. అమెరికాదేశపు వినియోగ సాంకేతిక సంఘమువారి సీ.టీ.ఏ. 2006 అను ప్రమాణము ప్రకారము 14.4 వోల్టుల వద్ద, 4 ఓముల భారముతో, నూటికి ఒక పాలు మించని వికారముతో కొలిచిన వాట్లు అని వ్రాసియున్నచో ఆ అంకెను నమ్మవచ్చును. స్పీకరుల ఆర్.ఎం.ఎస్. మొత్తమునకు ఆంప్లిఫయరు, మీరు కలుపబోవు ఓముల వద్ద, ఇంచుమించు సరిపోయిన చాలును. చిన్న ఆంప్లిఫయరు స్పీకరునకు హాని చేయదనుకొని దానిని చివరివఱకు త్రిప్పినచో తరంగముల తలలు తెగి చదరముగా మాఱును. అట్టి తరంగము అదే ఎత్తుగల మంచి తరంగముకంటె రెండింతల శక్తిని మోయును. “గెయిన్” అను మరను ధ్వని పెంచు మరగా భావించువారికి ఈ కష్టము తప్పదు.

ఒక్క ఓము హద్దుగల ఆంప్లిఫయరులు ఈ కాలమున అంగళ్లలో పెక్కులున్నవి. వానిని నిందింపను. 4+4 స్పీకరులు రెండున్నవానికి అవి సరిపోవును కూడ. కాని కొత్తగా కొనువాడు సలహా అడిగినచో, 2 ఓములకో 4 ఓములకో నిలుచు కూర్పునే నేను చెప్పుదును. యంత్రము చల్లగానుండును, తీగ తక్కువ తినును, ఎప్పుడైన ఒక లెక్క తప్పినను కొంత చోటుండును.

మా పిల్లవాడు స్పీకరులను మార్చి 2+2 రకమును ఇమ్మని అంగడికి పోయెను. వాడిన సరకును తిరిగి పుచ్చుకొనమనిరి. ఆంప్లిఫయరులో కాలిన ట్రాన్సిస్టరులను పట్టణములోని రేడియో మరమ్మతువాడు మార్చి యిచ్చెను. అరుగుమీద గీసిన రెండవ పటము ప్రకారము, చుట్టలు శ్రేణిలో, స్పీకరులు సమాంతరముగ, 4 ఓములకు తానే కలిపెను. ఫ్యూజును ముందునకు, బ్యాటరీ ప్రక్కకు తెచ్చెను. మీటరు 3.6 చూపినది. నన్ను కారులో కూర్చుండబెట్టి ఒక పాట వినిపించెను. “మునుపటికంటె తగ్గిందాండీ?” అని అడిగెను. మునుపు నేను వినలేదు గావున ఏమియు చెప్పలేకపోతిని. అతడే ఇంకొకసారి విని, “తగ్గినట్లే లేదండీ” అనెను. పాట ముగిసిన తరువాత డిక్కీ తెఱచి పెట్టెమీద చేయి పెట్టి చూచితిమి. గోరువెచ్చగా ఉన్నది.